సొంత లేతు షాపు: మొదటి గిరాకీ ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఐటీఐలో టర్నర్ ట్రేడు చేసి, 12 ఏళ్లుగా హైదరాబాద్ బాలానగర్‌లో ఒక మెషిన్ షాపులో పనిచేస్తున్నాను. లేతు, మిల్లింగు రెండూ వచ్చు. మూడేళ్లుగా సీఎన్‌సీ (కంప్యూటరు ప్రోగ్రాముతో నడిచే లేతు) కూడా నడుపుతున్నాను. మాది మిర్యాలగూడ పక్క ఊరు. రోడ్డు మీద నాన్న పేర మూడు గుంటల స్థలం ఉంది, చేతిలో ఎనిమిది లక్షలు ఉన్నాయి. అక్కడ షెడ్డు వేసుకొని సొంతంగా మొదలుపెట్టాలని ఉంది. యంత్రాలమ్మే డీలరు 25 లక్షల అప్పు ఇప్పిస్తానని, సీఎన్‌సీ టర్నింగ్ సెంటరే కొనమని అంటున్నాడు. కొనమంటారా? నాకు పని చేయడం వచ్చు గానీ పని తెచ్చుకోవడం రాదు. మొదటి గిరాకీ ఎలా దొరుకుతుంది? ఇప్పుడు మా షాపుకు పని ఇస్తున్న కంపెనీలను నేను అడగవచ్చా?

సమాధానం: మీరు యంత్రం గురించి ముందు అడిగి, గిరాకీ గురించి తరువాత అడిగారు. నేను ఆ వరుసను తిప్పి చెబుతాను. ఏ యంత్రం కొనాలన్నది ఎవరి పని చేయబోతున్నారన్న దాన్ని బట్టి తేలవలసిన విషయం. అది తేలకముందే యంత్రం దించుకున్నవాళ్లు, దానికి మేత వెతకడంలోనే మొదటి రెండేళ్లూ గడిపేయడం నేను చాలాసార్లు చూశాను. డీలరును తప్పుపట్టడం లేదు, తాను అమ్మేదాన్నే ఆయన కొనమంటాడు. కానీ కిస్తీ కట్టేది మీరు.

మీ ఊరి సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. అయినా బాలానగర్‌లో 12 ఏళ్లు పనిచేసిన మనిషికి, పని అంటే డ్రాయింగు పట్టుకొని వచ్చే కంపెనీ అన్న ఊహ స్థిరపడిపోయి ఉంటుంది కాబట్టి, సాగర్ ఎడమ కాలువ కింద వడ్లు పండే ప్రాంతంలో లేతు పని ఎలా పుడుతుందో కొంచెం వివరంగా చెప్పుకోవడం మంచిది. మిర్యాలగూడ చుట్టూ ఉన్న మిల్లుల్లో వడ్లు ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి వరుసగా నడుస్తాయి. శుభ్రం చేసే జల్లెళ్లు, ఉప్పుడు బియ్యం మిల్లయితే నానబెట్టి ఉడికించే ట్యాంకులు, బాయిలరు, డ్రయ్యరు, ఆ తరువాత రబ్బరు రోళ్ల షెల్లరు, పాలిషరు, వీటన్నింటి మధ్య వడ్లను పైకెత్తే ఎలివేటర్లు, ఊకను ఊదేసే బ్లోయర్లు ఉంటాయి. వీటిలో ఏ ఒక్కదాని షాఫ్టు తెగినా, బేరింగు కూర్చునే చోటు అరిగినా, పుల్లీ కీవే (పుల్లీని షాఫ్టుకు కట్టిపడేసే గాడి) పగిలినా మొత్తం వరుస ఆగుతుంది. ఆగిన మిల్లులో హమాలీలు ఖాళీగా కూర్చుంటారు, లారీలు గేటు బయట నిలబడతాయి, ప్రభుత్వానికి ఆడించి ఇవ్వవలసిన బియ్యం గడువు దగ్గరపడుతుంది. ఆ సమయంలో యజమాని రేటు గురించి బేరమాడే స్థితిలో ఉండడు. ఎప్పటికి ఇస్తావన్నదొక్కటే అడుగుతాడు.

మీ మొదటి గిరాకీ ఈ ఆగిపోయిన పని. కొటేషన్లు పంపి, వెండరు రిజిస్ట్రేషన్లు చేసుకొని, పెద్ద కంపెనీల పర్చేజీ విభాగాల చుట్టూ తిరిగే మార్గం ఒకటుంది, అది తప్పు కాదు. కానీ అక్కడ కొత్త షాపుకు తొలి ఆర్డరు రావడానికి నెలలు పడుతుంది, వచ్చిన ఆర్డరు డబ్బు చేతికందడానికి మరికొన్ని నెలలు పడుతుంది. ఎనిమిది లక్షలతో మొదలుపెట్టిన మనిషికి అంత ఓపిక ఉన్నా, అంత సొమ్ము ఉండదు. దామరచర్ల దగ్గరి థర్మల్ విద్యుత్ కేంద్రం, వాడపల్లి, మట్టంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు మీకు దగ్గరలోనే ఉన్నాయని ఎవరైనా ఆశ పెట్టవచ్చు. వాటిలో నిర్వహణ పనులు చేసే కాంట్రాక్టర్ల నుంచి పని వస్తుంది, నిజమే. దాన్ని రెండో ఏడాదికి ఉంచుకోండి.

మిల్లుల్లో లేతు పని ఎక్కడికి పోవాలో తేల్చేది సాధారణంగా యజమాని కాదు, మిల్లు ఫిట్టరు. విరిగిన ముక్కను బండి మీద పెట్టుకొని బయలుదేరేది అతనే కాబట్టి, ఏ షాపు ముందు ఆగాలో కూడా అతనే నిర్ణయించుకుంటాడు. అందువల్ల మీరు పరిచయం చేసుకోవలసిన మనుషులు ఫిట్టర్లు. వాళ్ల తరువాత ముగ్గురు దుకాణదారులు ఉన్నారు. బేరింగుల దుకాణం మొదటిది: బేరింగు కొనడానికి వచ్చిన మనిషి షాఫ్టు కూడా అరిగిపోయిందని చెప్పే మొదటి చోటు అదే. మోటారు వైండింగు షాపు రెండోది: తీగ చుట్టడానికి వచ్చిన మోటార్లలో చాలావాటికి ఎండ్ కవరులో బేరింగు ఇల్లు, అంటే అది కూర్చునే గూడు, లూజై ఉంటుంది, దాన్ని పెద్దగా బోరు చేసి బుష్ (లోపల బిగించే లోహపు గొట్టం) వేసి మళ్లీ కొలతకు తేవడం నిత్యం దొరికే పని. వెల్డింగు షాపు మూడోది. ఈ ముగ్గురికీ లేతు అవసరం వారానికి నాలుగైదుసార్లు పడుతుంది, ముగ్గురి దగ్గరా సాధారణంగా లేతు ఉండదు. మీరు వెళ్లినప్పుడు విజిటింగు కార్డు ఇచ్చి నమస్కారం పెట్టి రావడం కాకుండా, వాళ్ల దగ్గర ఆ రోజు ఆగి ఉన్న ఒక చిన్న పని అడిగి తెచ్చి, మరునాడు ఉదయం తిరిగి ఇవ్వండి. కార్డు సొరుగులో పడుతుంది, చక్కగా కుదిరిన బుష్ గురించి మాత్రం నలుగురి దగ్గరా చెబుతారు.

ఇక్కడ ఒక చిక్కు గురించి ముందే చెప్పాలి. కొందరు ఫిట్టర్లు బిల్లులో తమకు కొంత కలపమని అడుగుతారు. ఇది మీకు మాత్రమే ఎదురయ్యే సమస్య కాదు, కాబట్టి మొదటిరోజే మీ పద్ధతి ఏమిటో నిర్ణయించుకోండి. నా వరకు, నా సొంత లేతు షాపులో నేను ఇవ్వలేదు, దాని వల్ల కొంత పని పోగొట్టుకున్నాను కూడా. అయితే ఆ పైకం కలిపిన బిల్లు ఏదో ఒక రోజు యజమాని చేతిలో పడుతుంది, అప్పుడు ఫిట్టరు తప్పుకొని షాపువాడు దొంగగా మిగులుతాడు. ఫిట్టరుకు నిజంగా కావలసినది వేరే ఉంది: అర్ధరాత్రి ఫోను ఎత్తే మనిషి, చెప్పిన టైముకు ఇచ్చే మనిషి, బిగించిన వారానికే షాఫ్టు మళ్లీ పోయి యజమాని ముందు తనకు మాటపడే పరిస్థితి తేని మనిషి.

ఉద్యోగం మానేయకముందే చేయవలసిన పని ఒకటుంది. మూడు నెలల పాటు ఆదివారాలు మీ ఊరికి వెళ్లి, ఇరవై మిల్లులైనా తిరగండి. ఏమీ అమ్మకండి. పోయిన సీజనులో ఏ ముక్క పోయింది, ఎక్కడ చేయించారు, ఎన్ని గంటలు మిల్లు ఆగింది, ఎంత ఇచ్చారు, చేసిన పనిలో ఏ లోపం మిగిలింది అన్న ఐదు సంగతులు ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. అలాగే ఇప్పటికే అక్కడున్న లేతు షాపులు ఎన్నో లెక్కపెట్టండి, వాళ్లతో టీ తాగండి. వాళ్లు చేయగలిగినవి ఏమిటన్నది కాదు, వాళ్లు తిప్పి పంపేస్తున్నవి ఏమిటన్నది మీకు కావలసిన సమాచారం. పొడవాటి షాఫ్టులు వాళ్ల లేతు బెడ్ మీద పట్టకపోవచ్చు, పెద్ద పుల్లీలు తిరగకపోవచ్చు, కీవే స్లాటింగు కోసం, గేరు పళ్ల కోసం ముక్క హైదరాబాద్ బస్సు ఎక్కుతూ ఉండవచ్చు. అలా ఊరు దాటిపోతున్న పని ఎంత ఉందో తెలిసిన రోజున మీకు ఏ యంత్రం కావాలో కూడా తెలుస్తుంది. తిరిగి చూసిన తరువాత అక్కడ ఉన్న షాపులే చాలునని తేలితే, ఆ సంగతి ఎనిమిది లక్షలు ఖర్చు పెట్టకముందే తెలిసినందుకు సంతోషించండి.

ఇప్పుడు ఒక పనిని దగ్గరగా చూద్దాం. రాత్రి తొమ్మిది గంటలకు ఫిట్టరు బ్లోయరు షాఫ్టును ఆటోలో వేసుకొని వచ్చాడనుకోండి. 6310 బేరింగు కూర్చునే ఆ చోటు వ్యాసం 50 మిల్లీమీటర్ల కంటే, మిల్లీమీటరులో సుమారు ఒక నూరో వంతు ఎక్కువ ఉండాలి. మైక్రోమీటరు పెడితే 49.80 చూపిస్తుంది. పైగా చుట్టూ చుక్కలు చుక్కలుగా పంచి దెబ్బలు కనిపిస్తాయి, అంటే లూజైన బేరింగును ఎవరో ఇంతకు ముందే పంచి కొట్టి బిగించారు, అది కొద్ది రోజులు నిలిచి మళ్లీ తిరిగిపోయింది. మీ ముందు మూడు దారులున్నాయి. అరిగిన చోట వెల్డింగు పోసి మళ్లీ 50కి తిప్పవచ్చు. అది రెండు మూడు గంటల పని, కానీ వెల్డింగు వేడికి షాఫ్టు వంగుతుంది కాబట్టి రెండు సెంటర్ల మధ్య పెట్టి డయల్ గేజితో చూడకుండా ఇస్తే, బ్లోయరు వణికి కొత్త బేరింగును కూడా తినేస్తుంది. రెండో దారి, ఆ చోటును 44కి తగ్గించి స్లీవ్ (గొట్టం లాంటి తొడుగు) ఎక్కించి, ఎక్కించిన తరువాత 50కి తిప్పడం. ఇందులో వంపు రాదు గానీ షాఫ్టు ఆ మేరకు బలహీనపడుతుంది. మూడోది కొత్త షాఫ్టు. 55 మిల్లీమీటర్ల ఈఎన్8 రకం ఉక్కు కడ్డీ మీటరుకు ఎంత బరువుంటుందో మీకు తెలిసిన సూత్రమే చెబుతుంది: 55 వర్గాన్ని 162తో భాగిస్తే 18.7 కిలోలు, అంటే 90 సెంటీమీటర్ల షాఫ్టుకు సుమారు 17 కిలోల ఇనుము కావాలి. అది రాత్రి తొమ్మిదింటికి మీ దగ్గర ఉండాలి.

ఆ రాత్రి వెల్డింగు పోసి తిప్పి మిల్లు నడిపించండి. కానీ ఇది తాత్కాలికమని ఫిట్టరుకు నోటితోనే కాక బిల్లు మీద కూడా రాసి ఇవ్వండి. షాఫ్టు మీ చేతిలో ఉండగానే అన్ని మెట్ల వ్యాసాలు, పొడవులు, కీవే వెడల్పు, చివర మరల పిచ్ (మరకూ మరకూ మధ్య దూరం) కొలిచి, మిల్లు పేరు, యంత్రం పేరు వేసి పుస్తకంలో బొమ్మ గీసి పెట్టుకోండి. మరునాడు యజమానికి ఫోను చేసి, కొలతలు నా దగ్గర ఉన్నాయి, కొత్త షాఫ్టు తయారు చేసి మీ స్టోరులో పెట్టమంటారా అని అడగండి. ఆ ఒక్క ఫోను మీకు రెండో ఆర్డరు తెస్తుంది. రెండేళ్లలో ఆ పుస్తకంలో నలభై మిల్లుల షాఫ్టులు చేరతాయి. అప్పుడు ముక్క మీ దగ్గరికి రాకముందే, ఫోనులో యంత్రం పేరు వినగానే మీరు కడ్డీ కోయడం మొదలుపెట్టగలుగుతారు. కొత్తగా వచ్చే ఏ పోటీదారుకూ ఆ పుస్తకం ఉండదు.

పొరపాటు జరిగినప్పుడు ఏం చేయాలన్నది కూడా గిరాకీలో భాగమే. నేను విజయవాడ ఆటోనగర్‌లో మొదలుపెట్టిన తొలి ఏడాది, ఒక ఐసు ఫ్యాక్టరీ కంప్రెసరుకు గన్‌మెటల్ బుష్ చేసి, లోపలి బోరును ముందుగానే తుది కొలతకు తెచ్చి పంపాను. దాన్ని ప్రెస్సుతో దాని గూడులోకి ఎక్కించేసరికి బుష్ చుట్టూ నొక్కుకొని బోరు తగ్గి, షాఫ్టు పట్టేసింది. ఎక్కించాక తగ్గుతుందని తెలిసి కూడా తొందరలో మరిచిపోయాను. ఆ రాత్రి నేనే ఫ్యాక్టరీకి వెళ్లి, బుష్ తీసి, కొత్తది చేసి, ఎక్కించిన తరువాతే బోరు పూర్తి చేసి, పైసా తీసుకోకుండా వచ్చాను. మెటీరియలు ఖర్చు ఆ నెల నాకు పెద్ద దెబ్బే. ఆ ఫ్యాక్టరీ తరువాత పదకొండేళ్లు నా దగ్గరికే వచ్చింది.

ఇక రేటు. చిన్న షాపులు ఎక్కువగా చితికిపోయేది పనిలేక కాదు, పక్కవాడి రేటు చూసి తమ రేటు వేయడం వల్ల. మీ లెక్క మీరే వేసుకోండి. ఉదాహరణకు నెలకు షెడ్డుకు 12 వేలు, కరెంటుకు 6 వేలు, యంత్రం అరుగుదలకు 8 వేలు, టూలు బిట్లు, ఇన్సర్టులు, ఆయిలుకు 5 వేలు, హెల్పరుకు 15 వేలు, మీ జీతం 30 వేలు, ఫోను, పెట్రోలు, చిల్లర 4 వేలు అనుకుంటే మొత్తం 80 వేలు అవుతుంది. నాన్నగారి స్థలం కదా అని షెడ్డుకు సున్నా వేయకండి, మీ జీతం కూడా వదిలేయకండి. ఆ రెండూ వదిలేసిన లెక్కలో లాభంగా కనిపించేది మీ ఇంటి సొమ్మే. నెలకు 25 రోజులు, రోజుకు ఎనిమిది గంటలు అంటే 200 గంటలు కాబట్టి గంటకు 400 చాలునని అనిపిస్తుంది. కానీ ఆ 200 గంటల్లో కొలతలు తీసుకోవడానికి, కడ్డీ తేవడానికి, చక్‌లో (ముక్కను పట్టి తిప్పే భాగం) సరిగ్గా నిలబెట్టడానికి, బాకీ అడగడానికి పోగా బిల్లు వేయగలిగేవి 120 ఉంటే గొప్ప. 80 వేలను 120తో భాగిస్తే గంటకు 667 రూపాయలు. 400కి పని ఒప్పుకున్న షాపు రాత్రింబవళ్లు తిరుగుతూనే మునిగిపోతుంది.

అంచనా వేసేటప్పుడు రజను తెగే సమయాన్ని మాత్రమే లెక్కపెట్టే అలవాటు పెద్ద షాపులో పనిచేసినవాళ్లకు ఉంటుంది. 50 మిల్లీమీటర్ల కడ్డీని కార్బైడు ఇన్సర్టుతో నిమిషానికి 637 చుట్లు తిప్పి, చుట్టుకు 0.2 మిల్లీమీటర్లు నడిపితే 200 మిల్లీమీటర్ల పొడవు మీద ఒక కోత నిమిషంన్నరలో అయిపోతుంది. కానీ ఒక్క ముక్క పనిలో ఆ నిమిషంన్నర చుట్టూ నలభై నిమిషాల ఏర్పాటు ఉంటుంది, ధర దానికి కట్టాలి. మిగిలిన కడ్డీ ముక్కలు, తుక్కు ఎవరివన్నది కూడా పని మొదలుపెట్టకముందే అనుకోండి. చిన్న విషయమే గానీ, దీని మీద చెడిన స్నేహాలు నేను చూశాను.

అప్పు ఇవ్వక తప్పదు, ఎందుకంటే మిల్లుల్లో డబ్బు సీజను ప్రకారం వస్తుంది. అయితే మెటీరియలు డబ్బు ముందే తీసుకోండి, కూలి మాత్రమే ఖాతాలో రాయండి, ఒక మిల్లు బాకీ మీ నెల ఖర్చులో నాలుగో వంతు దాటితే కొత్త పని పట్టుకోకముందే పాత బాకీ మాట ఎత్తండి. నా రెండో ఏడాదిలో, పనిలో సగానికి పైగా ఒకే సంస్థ నుంచి వచ్చేది. ఇతరుల పని వద్దని మరీ వాళ్లకు చేశాను. ఆ సంస్థ తలుపులు వేసిన రోజున ఆరు నెలల కూలి నాకు రావలసి ఉంది, అందులో ఒక్క రూపాయి చేతికి రాలేదు. అప్పటి నుంచి ఎంత మంచి గిరాకీ అయినా నా పనిలో మూడో వంతు మించనివ్వలేదు.

చట్టం మీకు కొంత అండగా ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం, రిజిస్టరైన సూక్ష్మ, చిన్న సంస్థకు కొనుగోలుదారు రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువులోగా, ఎట్టి పరిస్థితిలోనూ 45 రోజులు దాటకుండా చెల్లించాలి. ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, గడువు దాటిన అలాంటి బాకీని చెల్లించేదాకా కొనుగోలుదారు తన ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేదు. అందుకే మార్చి నెలలో కంపెనీల ఆడిటర్లు మీ ఉద్యం నంబరు (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదైన నంబరు) అడుగుతారు. మిల్లు యజమాని మీద మొదటి ఏడాదిలోనే ఫిర్యాదు పెట్టమని నేను చెప్పడం లేదు, ఊళ్లో అలా బతకలేరు. బిల్లు మీద ఉద్యం నంబరు వేసి, గడువు తేదీ రాస్తే చాలు, కంపెనీ పనుల్లో అది తన పని తాను చేస్తుంది. ఉద్యం రిజిస్ట్రేషను ప్రభుత్వ వెబ్‌సైటులో పూర్తిగా ఉచితం. రుసుము అడిగే సైట్లు దళారులవి.

మిగిలిన కాగితాలు క్లుప్తంగా చెబుతాను. త్రీ ఫేజు పారిశ్రామిక కనెక్షనుకు అన్నిటికంటే ముందు దరఖాస్తు పెట్టండి, స్తంభం, ట్రాన్స్‌ఫార్మరు వ్యవహారం తేలడానికే సమయం పడుతుంది. తెలంగాణలో ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ తప్పనిసరి కాకపోయినా, కంపెనీ పనులు మొదలైన రోజున వాళ్లు జీఎస్టీ బిల్లే అడుగుతారు కాబట్టి అప్పుడు స్వచ్ఛందంగా తీసుకోండి. కంపెనీ తన మెటీరియలు మీకు పంపితే చలానా లేకుండా దించుకోకండి. పీఎంఈజీపీ అనే కేంద్ర ప్రభుత్వ ఉపాధి పథకం కింద సబ్సిడీ మీద అప్పు తీసుకునే ఆలోచన ఉంటే ఒక్క జాగ్రత్త: తొలి అప్పు కొత్త యూనిట్లకు మాత్రమే, సొంత డబ్బుతో ఇప్పటికే నడుస్తున్న షాపుకు రాదు. కాబట్టి షెడ్డు తెరవకముందే నల్లగొండలోని జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఇప్పటి నిబంధనలు కనుక్కొని, దరఖాస్తు చేయాలా వద్దా అన్నది తేల్చుకోండి.

ఇప్పుడు యంత్రం. సీఎన్‌సీ ఒకే ముక్కను వందలుగా, వేలుగా చేసే పనికి పుట్టింది. మీ మొదటి గిరాకీ తెచ్చేది ఒక్కొక్క ముక్క, అది కూడా వంగినది, అరిగినది, వెల్డింగు పోసినది. అలాంటి ముక్కకు ప్రోగ్రాము రాసి, ఆఫ్‌సెట్లు పెట్టేలోపు మామూలు లేతు మీద పని అయిపోతుంది. పైగా 25 లక్షల అప్పు 11 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే కిస్తీ నెలకు సుమారు 54 వేలు. మిల్లులు ఆగి ఉన్న నెలలో కూడా ఆ 54 వేలు ఆగవు. కాబట్టి డీలరుకు ఇప్పుడు వద్దని మర్యాదగా చెప్పండి. ఏదైనా కంపెనీ ఒకే ముక్కను ప్రతి నెలా ఇస్తూ, మీరు దాన్ని మామూలు లేతు మీద చేయలేక బయట సీఎన్‌సీ షాపుకు పంపే కూలి కిస్తీలో సగం దాటిన రోజున ఆయనకు మీరే ఫోను చేయండి.

మీ ఎనిమిది లక్షల్లో యంత్రానికి మూడున్నర లక్షలు దాటనివ్వకండి. లక్ష కొలత పరికరాలకు, చక్‌లకు, టూళ్లకు, యాభై వేలు పునాదికి, వైరింగుకు వేసుకొని, మూడు లక్షలు బ్యాంకులో తాకకుండా ఉంచండి. ఆ మూడు లక్షలే మీకు ఆరు నెలల ధైర్యం. షెడ్డు ఖర్చు విడిగా నాన్నగారితో మాట్లాడుకోవలసిన విషయం. అది కూడా ఇందులోంచే అయితే, మొదట ఊళ్లో అద్దె షెడ్డు చూసుకోవడమే నయం. కొనేది పాత లేతే అయినా గ్యాప్ బెడ్ (పెద్ద పుల్లీలు తిరగడానికి చక్ దగ్గర బెడ్‌లో ఖాళీ) ఉన్నదై, మీ పుస్తకంలో రాసుకున్న అతి పొడవైన షాఫ్టు రెండు సెంటర్ల మధ్య పట్టేదై ఉండాలి. అమ్మేవాళ్లు చెప్పే అడుగుల లెక్క బెడ్‌ది, సెంటర్ల మధ్య దూరం అంతకంటే చాలా తక్కువ ఉంటుంది. దానితోపాటు ఆర్క్ వెల్డింగు సెట్టు, పిల్లరు డ్రిల్లు, బేరింగులు ఎక్కించడానికి చిన్న హైడ్రాలిక్ ప్రెస్సు చాలు. ప్రెస్సు లేని షాపులో బేరింగులు సుత్తి దెబ్బలు తింటాయి, ఆ సంగతి ఫిట్టర్లకు తెలుసు.

పాత లేతును రంగు చూసి కొనకూడదు. మీ డయల్ గేజి, మీ మైక్రోమీటరు, ఒక ఇనుప కడ్డీ వెంట తీసుకెళ్లండి. బెడ్ ఎక్కువగా అరిగేది చక్ దగ్గర, ఎందుకంటే టూలును మోసే క్యారేజి జీవితమంతా అక్కడే నడుస్తుంది. కాబట్టి క్యారేజిని చక్ దగ్గర వదులు లేకుండా బిగించి, ఎదురు చివరనున్న టెయిల్‌స్టాకు వైపు నెట్టి చూడండి. దారిలో పట్టేస్తే అరుగుదల ఎంతో అక్కడే తెలుస్తుంది. స్పిండిలు లోపలి టేపరుకు డయల్ పెట్టి తిప్పండి, అన్ని గేర్లలో చప్పుడు వినండి, హాఫ్ నట్టు వేసి మరలు కోయించండి. చివరికి కడ్డీని ఒక వైపే చక్‌లో పట్టి, 150 మిల్లీమీటర్ల పొడవున సన్నని కోత తీసి రెండు చివరలా కొలవండి. మిల్లీమీటరులో మూడు నూరో వంతుల కంటే ఎక్కువ తేడా వస్తే ధర గురించి మళ్లీ మాట్లాడండి. కోత తీయనివ్వని అమ్మకందారు దగ్గర నుంచి లేచి వచ్చేయండి.

మిగిలింది మీ ఇప్పటి యజమాని గిరాకీల సంగతి. అడగకండి. అక్కడి డ్రాయింగులు, వాటి ఫోటోలు కూడా మీ ఫోనులో ఉంచుకోకండి, అవి మీవి కావు, మీ యజమానివి కూడా కావు, ఆ కంపెనీలవి. అయితే యజమానికి రెండు నెలల ముందే చెప్పి, మీ చోట మరో మనిషికి పని నేర్పి, నెలాఖరులో మీకు పని ఎక్కువైతే మామూలు లేతు మీద అయ్యే ముక్కలు నాకు పంపండని అడగడంలో ఏ తప్పూ లేదు. బాలానగర్‌లో చిన్న షాపులన్నీ ఒకదాని పని ఒకటి చేసుకుంటూనే బతుకుతున్నాయి. మిర్యాలగూడ 150 కిలోమీటర్ల దూరం కాబట్టి మీరు ఆయనకు పోటీ కూడా కారు. మీ గేరు పళ్లు, గ్రైండింగు, హీట్ ట్రీట్‌మెంటు పనులకు మీకు బాలానగర్‌లో మనిషి కావాలి, ఆ మనిషి ఆయనే అయితే ఇద్దరికీ మంచిది.

చివరగా తేదీ సంగతి. వానకాలం వడ్లు మిల్లులకు చేరడం అక్టోబరు చివర మొదలవుతుంది, అంతకు ముందే మిల్లులవాళ్లు ఓవర్‌హాలింగు చేయించుకుంటారు. ఆ పనులు తొందర లేనివి, పగటిపూట వచ్చేవి, కొత్త షాపు చేయి చూపించుకోవడానికి అనువైనవి. నవంబరులో తెరిస్తే మీరు నేరుగా అర్ధరాత్రి బ్రేక్‌డౌన్లలో పడతారు, అప్పటికి ఫిట్టర్లకు మీ షాపు ఎక్కడుందో కూడా తెలియదు. అందుకని మూడు నెలల ఆదివారాల తిరుగుడు మే నెలలో మొదలుపెట్టి, ఆగస్టు చివరికల్లా షెడ్డులో కరెంటు, పునాది మీద లేతు ఉండేలా లెక్క వేసుకోండి. కనెక్షను ఆలస్యమైతే జనరేటరు అద్దెకు తీసుకొనైనా సెప్టెంబరు మొదటి వారం దాటనివ్వకండి.